గళ్ళ కాగితం మీద పద్మవ్యూహం

పోయిన సంచికలో పిల్లలకు ఏయే కంప్యూటరు ఆటలు వద్దో రాశాను. ఉత్తరాలు బాగానే వచ్చాయి. మెచ్చుకున్నవారికి కృతజ్ఞతలు. కానీ చింతామణి నుంచి ఒక తల్లి రాసిన నాలుగు వాక్యాలకు జవాబు చెప్పకుండా ఈసారి కలం కదిలేలా లేదు. "వద్దన్నవి వద్దన్నారు, సరే. కావాలన్నది ఒక్కటీ చెప్పలేదు. మావాడు తలుపు వేసుకుని ఒక్కడే ఆడుకుంటాడు. నేను కూడా పక్కన కూర్చుని ఆడదగిన ఆట ఏదైనా ఉంటే చెప్పండి" అని ఆవిడ అడిగారు.

న్యాయమైన ప్రశ్న. నా జవాబు నలభై ఏళ్ళు దాటిన ఒక ముసలి ఆట. పేరు "విజార్డ్రీ". 1981లో అమెరికాలో వచ్చింది. బొమ్మలు అంతంత మాత్రం, సంగీతం లేదు, పరుగులు లేవు. ఇప్పటి పిల్లలు మొదటిసారి చూస్తే "ఇదేం ఆట?" అని ముఖం తిప్పుకుంటారు. అయినా దీన్నే ఎందుకు చెబుతున్నానో కాస్త ఓపిగ్గా వినండి.

కథ చిన్నది. ట్రెబర్ అనే పిచ్చి రాజు దగ్గర మహిమగల తాయెత్తు ఒకటి ఉండేది. వెర్డ్నా అనే మాంత్రికుడు దాన్ని ఎత్తుకుపోయి, రాజుగారి కోట కిందే ఉన్న పది అంతస్తుల నేలమాళిగలో అట్టడుగున దాక్కున్నాడు. ఆరుగురు సాహసికుల్ని కూడగట్టుకుని మనం కిందికి దిగాలి. దారిలో భూతాలను, దొంగలను ఎదుర్కొని, మాంత్రికుణ్ణి జయించి, తాయెత్తు తేవాలి. "పాతాళభైరవి" చూసి, చందమామ చదివి పెరిగిన మనకు ఇందులో తెలియని ముక్క ఏముంది?

ఈ ఆటను రాసినవాళ్ళు ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు. అప్పట్లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు. ఆండ్రూ, రాబర్ట్ అన్న పేర్లను ఇంగ్లీషులో వెనక నుంచి చదివితే వెర్డ్నా, ట్రెబర్ వస్తాయి. రాజూ వాళ్ళే, దొంగా వాళ్ళే! అచ్చువేసి అమ్మిన సంస్థ సర్‌టెక్. అది న్యూయార్క్ రాష్ట్రంలో ఆగ్డెన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో ఉండేది. సెయింట్ లారెన్స్ నది ఒడ్డున ఉన్న ఊరు, అవతలి ఒడ్డు కెనడా. బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు వైపు పోతుంటే రాష్ట్రం మారిపోయినట్టు, వాళ్ళకు నది దాటితే దేశమే మారిపోతుంది. సరిహద్దు ఊళ్ళ నుంచి గొప్పవేం వస్తాయిలే అనుకునేవాళ్ళకు ఇదొక సమాధానం. గ్రీన్‌బర్గ్ 2024లో కాలం చేశారు.

ఈ ఇద్దరూ శూన్యం నుంచి పుట్టించారని కాదు. 1974లో "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే కాగితపు ఆట వచ్చింది. ఆ తర్వాత ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లేటో అనే పెద్ద కంప్యూటరు మీద విద్యార్థులు నేలమాళిగ ఆటలు తయారు చేసుకున్నారు. వాటిని ఇంట్లో పెట్టుకోగల ఆపిల్ టూ అనే చిన్న కంప్యూటరులోకి ఇమిడ్చిన తొలి ఆటల్లో ఇదొకటి. ఆ యంత్రం జ్ఞాపకశక్తి 48 కిలోబైట్లు. ఫ్లాపీ ఒక పక్కన పట్టేది 140 కిలోబైట్లు. ఈనాడు సెల్‌ఫోనుతో తీసిన ఒక్క ఫొటో కూడా ఆ ఫ్లాపీలో పట్టదు. అందులో పది అంతస్తులు, ఆరుగురు మనుషులు, వాళ్ళ కత్తులు, మంత్రాలు, శత్రువులు అన్నీ సర్దారు. మన అమ్మలు చిన్న ట్రంకు పెట్టెలో పెళ్ళి బట్టలన్నీ సర్దిన నేర్పు గుర్తొస్తుంది నాకు.

ఇక ఆట తీరు. వైకుంఠపాళి తీసుకోండి. పటం అంతా మన ముందే పరిచి ఉంటుంది. పెద్దపాము నోరు ఏ గడిలో ఉందో పందెం వేయకముందే తెలుసు. పులిజూదమూ అంతే, పులి ఎక్కడుందో మేకకు కనిపిస్తుంది. ఈ ఆటలో అలా కాదు. పావు కళ్ళతో మనం చూస్తాం. నల్లటి తెర మూలన చిన్న కిటికీ, అందులో తెల్లటి గీతలు. ఆ గీతలే గోడలు, తలుపులు. ఒక అడుగు ముందుకు వేస్తే ఒక గడి జరుగుతాం. ఎడమకో కుడికో తిరిగితే అటువైపు గోడ కనిపిస్తుంది. మలుపు అవతల ఏముందో అక్కడికి పోయేదాకా తెలియదు. పై నుంచి చూసే దేవుడి చూపు మనకు లేదు.

ఒక్కొక్క అంతస్తు 20 గళ్ళ పొడవు, 20 గళ్ళ వెడల్పు. అంటే 400 గళ్ళు, పది అంతస్తులకు 4,000. ఆట మనకు పటం ఇవ్వదు. ఏ మూలా చిన్న గుర్తు కూడా చూపించదు. పది నిమిషాలు నడిచాక వెనక్కి తిరిగి చూస్తే అన్ని గోడలూ ఒక్కలాగే ఉంటాయి. అప్పుడు గుర్తొస్తాడు అభిమన్యుడు. పద్మవ్యూహంలోకి పోవడం తెలుసు, బయటికి రావడం తెలియదు. పాపం అతని దగ్గర గళ్ళ కాగితం లేదు.

మన దగ్గర ఉంది. అంగడిలో గ్రాఫు పుస్తకం దొరుకుతుంది. ఆట మొదలుపెట్టే చోటు పటంలో కింద ఎడమ మూల. అక్కడ నుంచి ఒక అడుగు వేసి ఒక గడి గీయాలి. గోడ ఉంటే గీత, తలుపు ఉంటే గుర్తు. ఒకరు మీటలు నొక్కాలి, ఒకరు పెన్సిలు పట్టాలి. చింతామణి తల్లిగారూ, మీ చోటు ఇదే. ఈ ఆటలో రెండో కుర్చీకి పని ఉంది. ఇంకో మాట, పెన్సిలు పట్టినవారిదే అసలు ఆట అని రెండు రోజుల్లో మీకే తెలుస్తుంది.

ఎందుకంటే నేలమాళిగ కట్టినవాడు అమాయకుడు కాదు. పటం గీసేవాణ్ణి మోసం చేయడానికే కొన్ని గళ్ళు పెట్టాడు. ఒక గడిలో అడుగు పెడితే చప్పుడు లేకుండా మనల్ని ఇంకో దిక్కుకు తిప్పేస్తుంది. ఉత్తరానికి పోతున్నాం అనుకుంటాం, పోయేది తూర్పుకు. కొన్నిచోట్ల దీపం కూడా పనిచేయని చీకటి. కొన్ని గళ్ళు ఉన్నపాటున ఇంకో చోటికి విసిరేస్తాయి. కొన్ని తలుపులు దీపం మంత్రం వేస్తే తప్ప కనిపించవు. అన్నిటికంటే తమాషా ఏమిటంటే తూర్పు అంచు దాటి ఒక అడుగు వేస్తే పడమటి అంచులో తేలుతాం. భూమి గుండ్రంగా ఉందని పిల్లవాడికి వేరే చెప్పక్కర్లేదు!

అలాంటప్పుడు పటంలో రెండు దారులు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఎక్కడో పొరపాటు జరిగింది. మనదా, గోడదా? ఇక్కడ పిల్లలు చేసే ఆలోచన చూసి తీరాలి. "ఇక్కడిదాకా గ్యారంటీ. ఇక్కడ నుంచి అనుమానం" అని వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తారు. తాము ఎక్కడున్నామో చెప్పే మంత్రం ఒకటి ఉంది, పేరు "డుమాపిక్". మెట్ల నుంచి తూర్పుకు ఎన్ని గళ్ళు, ఉత్తరానికి ఎన్ని, కిందికి ఎన్ని అంతస్తులు అని అంకెల్లో చెబుతుంది. దాన్ని ఎన్నిసార్లయినా వేసుకునే వీలు లేదు కాబట్టి, ఎక్కడ వేయాలో బాగా ఆలోచించి వేయాలి. లెక్కల మాష్టారు నల్లబల్ల మీద ఒక నెల చెప్పే ఎక్స్, వై పాఠం ఇక్కడ ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఒక్క సాయంత్రంలో ఎక్కుతుంది.

ప్రాణం మీదికి అన్నాను కదా, అది ఊరికే అన్న మాట కాదు. ఇప్పటి ఆటల్లో చస్తే మళ్ళీ బతుకుతారు. ఇందులో మన జట్టులోని మనిషి పోతే ఆ సంగతి వెంటనే ఫ్లాపీ మీదకి ఎక్కిపోయేది. శవాన్ని పైకి మోసుకొచ్చి గుడికి తీసుకుపోవాలి. అక్కడ డబ్బు కట్టించుకుని బతికించడానికి ప్రయత్నిస్తారు. అది ఫలించకపోతే మనిషి బూడిదవుతాడు. ఇంకోసారి ప్రయత్నించి అదీ ఫలించకపోతే అతని కథ ముగిసినట్టే. ఆరుగురూ కింద చనిపోతే వాళ్ళ శవాలు ఆ గడిలోనే పడి ఉంటాయి. ఇంకో ఆరుగురిని తయారుచేసి, వాళ్ళను వెతుక్కుంటూ పంపాలి. అప్పుడు ఆ గడి పటంలో గుర్తుపెట్టి ఉంటేనే దొరుకుతారు.

క్రూరంగా ఉందా? నాకూ మొదట అలాగే అనిపించింది. తర్వాత గమనించాను, ఈ భయమే పిల్లవాడికి ఒక మంచి లెక్క నేర్పుతోంది. "ఇంకా నాలుగు గళ్ళు పోగలం. కానీ తిరిగి రాగలమా?" తిరిగి రాగలిగినంత దూరమే పోవాలి. పోయిన దారి గుర్తుపెట్టుకోవాలి. అభిమన్యుడి కథలో మనం పిల్లలకు చెప్పవలసిన నీతి అతని ధైర్యం ఒక్కటే కాదు కదా.

ఇప్పుడు మన వైపు వద్దాం. గుడిబండ కోట ఎక్కినవాళ్ళు మనలో చాలామంది ఉంటారు. పదిహేడో శతాబ్దంలో పాలెగాడు బైరేగౌడ కట్టించిన కోట. రాతిగుట్ట మీద అంచెలంచెలుగా లేస్తుంది. ఒక గోడ దాటామనుకుంటే ఇంకో గోడ. ఇరుకైన వాకిలి దాటాక మెట్లు ఎటు తిరుగుతాయో లోపలికి పోయేదాకా తెలియదు. శత్రువుకు ముందేముందో కనిపించకూడదు, లోపలివాడికి మాత్రం కళ్ళు మూసుకున్నా తెలియాలి. కోట కట్టే శాస్త్రమంతా ఈ ఒక్క మాటలో ఉంది, నేలమాళిగ ఆట గుట్టూ ఇదే. పైకి చేరాక కింద బైరసాగరం చెరువు మొత్తం ఒక్కసారి కనిపిస్తుంది. అంతసేపూ గోడల మధ్య నడిచిన కళ్ళకు ఆ విశాలం ఎంత హాయిగా ఉంటుందో! ఈసారి పిల్లలతో పోయినప్పుడు సెల్‌ఫోనులు సంచిలో వేసి, గళ్ళ పుస్తకం చేతికివ్వండి. ఒక అడుగు ఒక గడి అని కాకపోయినా, పది అడుగులు ఒక గడి అని గీయమనండి. ఆ కోట వాళ్ళదైపోతుంది.

నేను ఈ ఆటను సిఫారసు చేయడానికి ఇంకో పెద్ద కారణం ఉంది. అది బాగేపల్లిలో మా అక్క ఇంట్లో తెలిసింది. అక్క కొడుకు ఏడో తరగతి. బళ్ళో కన్నడ, ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, చదవడం రాయడం రాదు. మన ఇళ్ళల్లో ఇది ఎంత మామూలో మీకు తెలుసు. సెలవుల్లో వాడికి ఈ ఆట చూపించాను. నేను పటం గీయబోతుంటే వాళ్ళ అవ్వ, అంటే అక్క అత్తగారు, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ వచ్చి కూర్చున్నారు. ఆమెకు ఇంగ్లీషు రాదు, కంప్యూటరు అంతకన్నా రాదు. అరగంట చూశారు.

"ఒరే, ఈడికి ముందే వచ్చింటిమి కదరా. కుడిపక్క వాకిలుండాది చూడు" అన్నారు.

నిజంగానే ఉంది. చిన్నప్పుడు పొలాల గట్ల మీద నడిచి సంతకు పోయివచ్చిన మనిషి. దారి గుర్తుపెట్టుకోవడం ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ రోజు నుంచి దారి చెప్పే పని అవ్వది, మీటలు నొక్కేది, పటం గీసేది మనవడు. నాకు పని పోయింది.

గళ్ళకు పేర్లు కూడా అవ్వే పెట్టారు. మనల్ని గిర్రున తిప్పే గడికి "ఇసుర్రాయి" అన్నారు. దీపం పనిచేయని చోటికి "అమాస గడి". మంత్రం వేస్తే కనిపించే తలుపుకు "దొంగవాకిలి". ఇంగ్లీషు పుస్తకంలో ఉన్న మాటల కంటే ఇవే బాగున్నాయని వాడు ఒప్పుకున్నాడు. వాడు ఈ పేర్లు పటం మీద ఎలా రాశాడనుకున్నారు? కన్నడ అక్షరాల్లో. మాట అచ్చ తెలుగు, లిపి కన్నడం.

ఇది చూసి నేను బాధపడలేదు. కైవారం తాతయ్య తెలుగు తత్వాలను కన్నడ లిపిలో అచ్చయిన పుస్తకం చూసి పాడుకునేవాళ్ళు మన చుట్టూ ఉన్నారు. లిపి ఏదైనా మాట బతికే ఉంది. అయితే తెలుగు లిపి కన్నడం వచ్చిన పిల్లవాడికి ఎంత దూరం? రెండూ ఒకే పాత లిపి నుంచి విడిపోయిన అక్కాచెల్లెళ్ళు. చాలా అక్షరాలు చూడగానే పోల్చుకోవచ్చు. క, త, చ, శ, హ, న లాంటి కొన్నిటిని, తలకట్టు పద్ధతిని వేరుగా నేర్చుకుంటే చాలు. గ్రాఫు పుస్తకం చివరి పేజీలో రెండు లిపులూ పక్కపక్కన రాసిపెట్టి, "రహస్య లిపి కావాలంటే ఇదుగో, బళ్ళో నీ స్నేహితులు నీ పటం చూసినా అర్థం కాదు" అన్నాను. రహస్యం అంటే పిల్లలకు ఎంత ఇష్టమో! నాలుగో అంతస్తు పటం మీద సగం పేర్లు తెలుగులో ఉన్నాయి. ఒత్తులు అటూ ఇటూ అయ్యాయి, ఇసుర్రాయిలో గుణింతం తప్పింది. దిద్దలేదు, అవే దిద్దుకుంటాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన సంఘం పిల్లలకు తెలుగు నేర్పాలని తరగతులు పెడుతుంది, పోటీలు పెడుతుంది. మంచి పనులే. కానీ పిల్లవాడికి అక్షరం ఎప్పుడు అవసరమవుతుంది? ఒక విషయం తాను మరిచిపోకూడదు, రేపు దాన్ని మళ్ళీ చూసుకోవాలి అనుకున్నప్పుడు. బహుమతి కోసం రాసిన అక్షరం బహుమతి రోజుతో సరి. దారి తప్పకుండా ఉండడానికి రాసిన అక్షరం మనసులో నిలుస్తుంది. అవ్వ నోటి మాట కాగితం మీదకి ఎక్కడానికి ఒక కారణం కావాలి. మా అక్క ఇంట్లో ఆ కారణం ఎక్కడో అమెరికా సరిహద్దు ఊళ్ళో నలభై ఏళ్ళ కిందట అచ్చయిన ఆట నుంచి వచ్చింది. మీ ఇంట్లో ఇంకోటి కావచ్చు.

ఈ ఆట తర్వాత ఇలాంటివి చాలా వచ్చాయి. 1987లో "డంజన్ మాస్టర్", 1991లో "ఐ ఆఫ్ ది బిహోల్డర్", 1992లో "అల్టిమా అండర్‌వరల్డ్". జపాను వాళ్ళకు విజార్డ్రీ మీద ఉన్న మక్కువ దాన్ని పుట్టించినవాళ్ళకన్నా ఎక్కువ. 1986లో అక్కడ వచ్చి దేశాన్ని ఊపేసిన "డ్రాగన్ క్వెస్ట్" తయారుచేసిన యూజీ హోరీకి ప్రేరణ ఇచ్చిన ఆటల్లో ఇదొకటి. క్రమంగా పటం గీసే పని కూడా కంప్యూటరే తీసుకుంది. నడుస్తుంటే పటం దానంతటదే తయారవుతుంది. సౌకర్యమే. కానీ సెల్‌ఫోను చెప్పినట్టల్లా కారు తిప్పుకుంటూ చిక్కబళ్ళాపురం నుంచి చింతామణి చేరినవాణ్ణి దారిలో ఏ ఊళ్ళు తగిలాయని అడిగి చూడండి. ఇచ్చిన పటం చేరుస్తుంది, గీసుకున్న పటం నేర్పుతుంది.

ఈ తేడా ఆటలు తయారుచేసేవాళ్ళూ గ్రహించారు. 2007లో జపానులో వచ్చిన "ఎట్రియన్ ఒడిస్సీ"లో కింది తెర మీద పుల్లతో పటం మనమే గీసుకోవాలి. 2012లో ఫిన్లండు వాళ్ళు తెచ్చిన "లెజెండ్ ఆఫ్ గ్రిమ్‌రాక్"లో పటం లేకుండా ఆడే పాత పద్ధతి కూడా పెట్టారు. విజార్డ్రీనే కొత్త బొమ్మలతో 2024లో మళ్ళీ విడుదల చేశారు. దాని అడుగున పాత ఆటే నడుస్తుంది, తెర మూలన 1981 నాటి గీతలు కూడా చూసుకోవచ్చు. మన పిల్లలకు కళ్ళకు ఇంపుగా ఇదే నయం.

లోపాలు కూడా చెప్పాలి కదా. యుద్ధాలు చాలాసార్లు ఒకేలా ఉంటాయి, విసుగు పుడుతుంది. ఇంగ్లీషు చదవగలవాళ్ళు పక్కన ఉండాలి. పదేళ్ళలోపు పిల్లలకు కష్టం. కష్టపడి పెంచిన మనిషి బూడిదైతే ఏడుపులూ ఉంటాయి. ముందే చెప్పి ఉంచండి.

ఆడదలచుకున్నవారికి నాలుగు సూచనలు. ఒకటి, ఎప్పుడూ ఇద్దరు కూర్చోవాలి. రెండో మనిషి లేనప్పుడు ఆట లేదు. రెండు, రోజుకు అరగంట చాలు, ఒక అంతస్తుకు నెల పట్టినా తొందర లేదు. మూడు, ఇంటర్నెట్లో ఎవరో గీసి పెట్టిన పటం చూడకూడదు, అది ఇతరుల నోట్సు చూసి పరీక్ష రాసినట్టే. నాలుగు, గళ్ళకు పేర్లు ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళు పెట్టాలి. రాసేది అందరికంటే చిన్నవాళ్ళు. లిపి వాళ్ళ ఇష్టం.

మా అక్క ఇంట్లో జట్టు ఇంకా పదో అంతస్తు చేరలేదు. చేరినా చేరకపోయినా నాకు దిగులు లేదు.

వచ్చే సంచికలో పులిజూదం గురించి రాయాలనుకుంటున్నాను. గుళ్ళ అరుగుల మీద, మండపాల రాళ్ళ మీద చెక్కిన పులిజూదం, వామనగుంటల పటాలు మీ ఊళ్ళో ఉంటే ఏ గుడో, ఎక్కడో వివరంగా రాసి పంపండి. ఫొటో పంపితే సంతోషం. పిల్లల చేత గళ్ళ కాగితం మీద గీయించి పంపితే మరీ సంతోషం.